మూతి తిప్పుకునే ఏడాది

“ఏమీ తినడం లేదండీ.”

పిల్లల డాక్టరు దగ్గర ఓపీ చాలాసార్లు ఈ మాటతోనే మొదలవుతుంది. “ఏమీ అంటే?” అని ఆయన కాస్త తరిచి అడిగితే ఒక్కొక్కటే బయటికొస్తుంది. పొద్దున లేవగానే సీసాడు పాలు. తొమ్మిదింటికి ఇడ్లీ పెడితే రెండు ముక్కలు తిని మూడోది ఉమ్మేశాడు, అందుకని మళ్ళీ కాసిని పాలు. పదకొండింటికి పేచీ పెడితే నాలుగు బిస్కెట్లు. మధ్యాహ్నం పప్పన్నం ఐదారు ముద్దలు, అదీ ఫోన్ పెడితేనే. పడుకోబెట్టేటప్పుడు పాలు. సాయంత్రం సగం అరటిపండు, తాతయ్య గుప్పిట్లోంచి నాలుగు పలుకుల మిక్చరు. రాత్రి పెరుగన్నం ముట్టనే లేదు. ఖాళీ కడుపుతో పడుకుంటాడేమోనని ఇంకో సీసా.

‘ఏమీ’ అన్న మాటలో ఇంత ఉంది. తూకం వేస్తే పిల్లాడు తొమ్మిదిన్నర కిలోలున్నాడు, ఎదుగుదల కార్డులో తన గీత మీద తాను చక్కగా నడుస్తున్నాడు. చిక్కిపోయింది అమ్మే.

ఈ గొడవ చాలా ఇళ్ళలో మొదటి పుట్టినరోజు చుట్టుపక్కలే ఎందుకు మొదలవుతుందో చెప్పడానికి ముందు ఒక చిన్న లెక్క చూడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఎదుగుదల ప్రమాణాలు విడుదల చేసింది. వాటి కోసం ఆరు దేశాల్లో కొలతలు తీసుకున్నారు, అందులో మన దక్షిణ ఢిల్లీ పిల్లలూ ఉన్నారు. ఆ పట్టికలో మధ్య గీత మీద నడిచే మగబిడ్డ పుట్టినప్పుడు 3.3 కిలోలు, ఏడాదికి 9.6, రెండేళ్ళకు 12.2. అంటే మొదటి ఏడాది ఆరు కిలోలకు పైగా పెరిగినవాడు రెండో ఏడాది రెండున్నర కిలోలు పెరిగితే సరిపోతుంది. మొదటి నెలలో బిడ్డకు కావలసిన శక్తిలో మూడో వంతుకు పైగా ఒళ్ళు పెరగడానికే పోతుంది. ఏడాది నిండేసరికి ఆ వాటా నూటికి మూడుకు పడిపోతుంది. ఇల్లు కట్టేటప్పుడు రోజూ లారీ ఇసుక దిగుతుంది. గృహప్రవేశం అయ్యాక కూడా గుమ్మం ముందు అంతే ఇసుక పోయిస్తానంటే ఆ ఇల్లేం చేసుకుంటుంది?

పొట్ట కూడా చిన్నదే. ఆ వయసులో కిలో బరువుకు సుమారు 30 గ్రాముల ఆహారం పడుతుందని ఒక అంచనా. తొమ్మిది కిలోల బిడ్డకు పావు కిలో దాటి కొంచెం. పావు లీటరు పాలు తాగించి అరగంటకు అన్నం గిన్నె పట్టుకుని వెంటపడితే బిడ్డ నోరు మూసుకోవడంలో అన్యాయం ఏమీ లేదు.

మరి ఎంత తినాలో అంత చిన్న బిడ్డకు తెలుస్తుందా? ఈ ప్రశ్నకు జవాబు వెతికినవాళ్ళలో మొదట చెప్పుకోవలసింది క్లారా డేవిస్ అనే అమెరికన్ పిల్లల డాక్టరు గురించి. అప్పట్లో అక్కడి డాక్టర్లు పిల్లల తిండికి ప్రిస్క్రిప్షన్ రాసేవారు: ఫలానా వయసుకు ఫలానా గంటకు ఇన్ని ఔన్సులు. తల్లులు గడియారం చూసి పెట్టేవారు, పిల్లలు నోరు మూసేవారు. 1926లో డేవిస్ దీన్ని తలకిందులు చేసి చూసింది. తల్లిపాలు మానిపించిన, ఇంకే తిండీ రుచి చూడని ఆరు నుంచి పదకొండు నెలల పసివాళ్ళను ఆసుపత్రిలోనే ఉంచి పెంచింది. మొత్తం 15 మంది. కొందరు నెలల తరబడి, కొందరు నాలుగేళ్ళకు పైగా అక్కడే ఉన్నారు. ఇవాళ ఏ నైతిక సంఘమూ ఇలాంటి ప్రయోగానికి ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా.

ముప్ఫైకి పైగా పదార్థాల జాబితా ఒకటి తయారుచేసుకుని, అందులోంచి పూటకు కొన్ని చొప్పున వేరువేరు గిన్నెల్లో పెట్టేవారు. పాలు, గుడ్లు, మాంసం, కార్జం, చేప, గోధుమ, ఓట్లు, క్యారెట్, బీట్‌రూట్, బంగాళాదుంప, అరటి, ఆపిల్. ఏదీ ఇంకోదానితో కలపలేదు. ఉప్పు కూడా విడిగా ఒక గిన్నెలో. పక్కన కూర్చున్న నర్సుకు ఒకటే నియమం: తినమని అనకూడదు, ఏ గిన్నెనూ చూపించకూడదు. బిడ్డ దేనికి చెయ్యి చాస్తే అది చెంచాతో అందించాలి, నోరు తిప్పుకుంటే ఆపేయాలి. మొదటి పూటల్లో ఆ పసివాళ్ళు కూరలతో పాటు చెంచాను, పళ్ళెం అంచును, కాగితాన్ని కూడా ఆశగా నమిలి చూశారట.

దాదాపు 36 వేల భోజనాల లెక్కలు పోగయ్యాయి. ఏ పూట చూసినా పోషకాహార నిపుణులకు తల తిరిగే తిండే. ఒక బిడ్డ పొద్దున్నే కమలారసమూ కార్జమూ తింటే, ఇంకో బిడ్డ రాత్రికి గుడ్లూ అరటిపళ్ళూ పాలూ లాగించింది. ఏ ఇద్దరి తిండీ ఒకలా లేదు. అయినా అందరూ బాగా పెరిగారు. రికెట్స్‌తో వచ్చిన ఒక బిడ్డకు కాడ్ చేప నూనె ఒక గ్లాసులో పెడితే, ఎముకలు గట్టిపడేదాకా దాన్ని తనంతట తానే తాగుతూ వచ్చి, ఆ తర్వాత మానేసింది.

ఈ కథను ‘పిల్లల ఒంటికే అన్నీ తెలుసు, వదిలేయండి’ అని వాడుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. డేవిస్ మాత్రం 1939లో తన ఫలితాలు వివరిస్తూ అసలు కిటుకు ఆ జాబితాలోనే ఉందని తానే చెప్పింది. అందులో పంచదార లేదు, బిస్కెట్ లేదు, డబ్బా తిండి లేదు. ఏది తిన్నా మంచిదే అయినప్పుడు ఎంచుకోవడంలో తప్పు జరగదు. పంచదార తిళ్ళు పక్కన పెట్టి కూడా చూడాలనుకుంది. ఆర్థికమాంద్యం వల్ల డబ్బు అందక ఆ ప్రయోగం జరగలేదు. ఆ కొరత మన కిరాణా కొట్టు తీరుస్తోంది. పదకొండింటి నాలుగు బిస్కెట్లు ఏం చేస్తాయో రోజూ మన ఇంట్లోనే చూడవచ్చు.

ఒక పూట తిండిని పట్టుకుని దిగులు పడటం ఎంత దండగో 1991లో లీఆన్ బర్చ్ అనే పరిశోధకురాలి బృందం కొలిచి చూపించింది. రెండు నుంచి ఐదేళ్ళ పిల్లలు 15 మంది రోజంతా తిన్నది తూచారు. పూటకూ పూటకూ తేడా సగటున మూడో వంతు. రోజు మొత్తం లెక్కేస్తే మాత్రం తేడా పదో వంతే. మధ్యాహ్నం మానేసింది రాత్రి పూడ్చుకుంటున్నారన్నమాట. అయితే ఈ పద్దు కుదరాలంటే మధ్యలో ఎవరూ సీసాతో జోక్యం చేసుకోకూడదు.

ఇక ఆకలి సంగతి వదిలేసి భయం సంగతికి వస్తాను. నిన్నటిదాకా ఏది పెట్టినా నోరు తెరిచిన పిల్ల ఇవాళ బీరకాయ ముక్కను చూసి మూతి ఎందుకు తిప్పుకుంటుంది? కొత్త తిండి అంటే జంకడం చాలా జంతువుల్లో ఉంది, ముఖ్యంగా అన్నీ తినే జాతుల్లో. పాల్ రోజిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1970లలోనే ఈ చిక్కును వివరించాడు. అన్నీ తినగలిగే ప్రాణికి కొత్తది తింటే బలం రావచ్చు, ప్రాణమూ పోవచ్చు. చంకలో ఉన్నంతకాలం అమ్మ పెట్టిందే తిండి, భయం లేదు. నడక వచ్చాక పెరట్లో గన్నేరుకాయా అందుతుంది, ఆముదపు గింజా అందుతుంది. సరిగ్గా కాళ్ళు వచ్చే వేళకే నోటికి కాపలా మొదలవడం యాదృచ్ఛికం కాకపోవచ్చని శాస్త్రవేత్తల ఊహ. ఈ జంకు రెండేళ్ళ తర్వాత ఇంకా ముదిరి, బడి వయసులో మెల్లగా తగ్గుతుంది. చేదు మీద అనుమానం, తీపి మీద మోజు పుట్టుకతోనే వస్తాయి. విషపు మొక్కలు చాలావరకు చేదు, తల్లిపాలు తీపి.

“వాళ్ళ నాన్న కూడా చిన్నప్పుడు ఇంతే” అని నానమ్మ అంటే కోడలికి ఒళ్ళు మండుతుంది గానీ, శాస్త్రం చాలావరకు నానమ్మ పక్షమే. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2007లో పుట్టిన కవలలను 16 నెలల వయసులో పరిశీలిస్తే, కొత్త తిండి పట్ల జంకులో పిల్లకూ పిల్లకూ ఉన్న తేడాలకు 58 శాతం, తిండి దగ్గర పేచీలకు 46 శాతం కారణం జన్యువులే అని తేలింది. కాబట్టి ఎదురింటి పాప గిన్నె ఖాళీ చేస్తుంటే అది వాళ్ళమ్మ గొప్పా కాదు, మన పాప తినకపోతే మన తప్పూ కాదు. మిగిలిన సగంలో మాత్రం మన చెయ్యి ఉంది.

ఆ సగంలో మనం చేయగలిగినది నిజానికి ఒకటే, మళ్ళీ పెట్టడం. 2007లో అచ్చయిన ఒక యూరప్ అధ్యయనంలో 49 మంది తల్లులను తమ ఏడు నెలల బిడ్డ తినని కూర ఏదో చెప్పమన్నారు. దాన్నే రోజు విడిచి రోజు, ఎనిమిదిసార్లు పెట్టమన్నారు. మొదటిరోజు సగటున 39 గ్రాములు తిన్న పిల్లలు ఎనిమిదోసారికి 174 గ్రాములు తిన్నారు. ఏడాది దాటిన పిల్లలకు ఇంకొన్నిసార్లు ఎక్కువ పట్టవచ్చు, పది పదిహేను అనుకోండి. మామూలుగా ఇళ్ళలో మూడోసారో ఐదోసారో తిప్పికొట్టగానే ‘మా పాపకు సొరకాయ పడదు’ అని తీర్పు రాసేస్తాం. ఆ తీర్పు మీద అప్పీలు ఉండదు. చుట్టాలందరికీ చెప్పేస్తాం, పాప వింటుండగానే.

జూలీ మెనెల్లా అనే పరిశోధకురాలి ప్రయోగంలో తేలిన ఇంకో ముచ్చట నాకు మరీ ఇష్టం. పసివాళ్ళకు వరసగా ఎనిమిది రోజులు బీన్స్ గుజ్జు పెట్టారు. తినే మోతాదు పెరిగింది. ముఖం చిట్లించడం మాత్రం తగ్గలేదు! వికారంగా మొహం పెట్టి, అదే గుజ్జు మళ్ళీ నోట్లోకి తీసుకున్నారు. బిడ్డ ముఖం చూసి గిన్నె ఎత్తేయడం తొందరపాటే. నోరు ఇంకా తెరుస్తోందా లేదా అన్నది చూసుకోవాలి.

పెట్టడం అంటే ముద్దంత పెట్టనక్కర్లేదు. కందిగింజంత చాలు. రోజూ ఇష్టంగా తినే పప్పన్నం పక్కన, విడిగా. వేలు ముంచి నాకినా, నోట్లో తిప్పి ఉమ్మేసినా ఆ పూటకు లెక్కలోకి వచ్చినట్టే, నాలుకకు రుచి తగిలింది కదా. పప్పులో కనిపించకుండా కలిపేస్తే పోషకాలు లోపలికి వెళతాయి నిజమే, కానీ పాపకు బీరకాయతో పరిచయం ఎప్పటికీ అవదు. ఇంకొకటి, అదే కూర అమ్మానాన్నల కంచంలో కూడా ఉండాలి. నాన్న వంకాయ తప్ప తినని ఇంట్లో కూతురికి పొట్లకాయ నేర్పడం కష్టం.

బలవంతం పనిచేస్తుందా అంటే, ఆ పూటకు చేస్తుంది. తర్వాత అప్పు వడ్డీతో సహా కట్టాలి. అమెరికాలో మూడు నుంచి ఐదేళ్ళ పిల్లలకు రెండు రకాల సూపులు వారాల తరబడి ఇచ్చారు. ఒకదానికి పక్కనున్నవాళ్ళు ‘తాగేయి’ అని మాటిమాటికీ పోరారు. రెండోదాని గురించి నోరెత్తలేదు. పోరు పెట్టిన సూపే పిల్లలు తక్కువ తాగారు, దాన్నే ఎక్కువ తిట్టారు. లంచం కూడా ఇంతే. ‘పప్పన్నం తింటే చాక్లెట్’ అన్న బేరంలో ఏది శిక్షో ఏది బహుమానమో పిల్లలకు వెంటనే అర్థమవుతుంది.

ఇక్కడ మన గోరుముద్దల సంగతి మాట్లాడుకోక తప్పదు. వెన్నెట్లో డాబా మీద చందమామను చూపిస్తూ తినిపించడమూ, ఫోన్ చూపిస్తూ తినిపించడమూ ఒకటే కదా, రెండూ మరిపించడమే కదా అని ఎవరైనా అడగవచ్చు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. తేడా అటువైపు ఉన్న మనిషిలో ఉంది. కథ చెప్పే అమ్మమ్మ బిడ్డ ముఖం చూస్తూ చెబుతుంది. నోరు మూస్తే కథ ఆగుతుంది, ముద్ద ఆగుతుంది. ఫోన్‌కు ఎదురుగా ఉన్న నోటితో పని లేదు. తెర మీద బొమ్మ గెంతుతుంటే బిడ్డ నోరు దానంతట అదే తెరుచుకుంటుంది, కడుపు చెప్పే మాట బిడ్డకే వినబడదు. ఏడాది పిల్లలకు తెర అసలు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది తిండిని దృష్టిలో పెట్టుకుని మాత్రమే కాదు గానీ, తిండి వేళకు అది ఇంకా బాగా వర్తిస్తుంది. అలాగని పాత పద్ధతులన్నీ మంచివని అనను. ‘ఇది తాత ముద్ద, ఇది పిన్ని ముద్ద’ అంటూ కడుపు నిండిన బిడ్డతో ఊరివాళ్ళందరి పేరునా తినిపించడం ప్రేమ ముసుగు వేసుకున్న బలవంతమే.

ఎలిన్ సాటర్ అనే అమెరికన్ ఆహార నిపుణురాలు 1980లలో పనులు పంచిపెట్టింది. ఏం పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ అన్నవి పెద్దవాళ్ళ పని. తినాలా వద్దా, ఎంత తినాలి అన్నవి బిడ్డ పని. గొడవలన్నీ ఒకరి పని ఇంకొకరు చేయబోయినప్పుడే వస్తాయి. రెండున్నర మూడు గంటల ఎడంతో ఏదో ఒకటి పెట్టడం, ఇరవై నిమిషాలు చూసి గిన్నె తీసేయడం, మధ్యలో మంచినీళ్ళు తప్ప ఏమీ ఇవ్వకపోవడం. చెప్పడానికి తేలికే. ఉమ్మడి ఇంట్లో అమలు చేయాలంటే ముందు తాతయ్య మిక్చరు పొట్లం దగ్గర సంధి కుదరాలి.

ఆ పొట్లంతో ఇంకో ప్రమాదం ఉంది, అందులోని పల్లీ. ఏడాది పిల్లలకు ముందుపళ్ళుంటాయి, నూరే దంతాలు అప్పుడప్పుడే వస్తుంటాయి. పల్లీ, శనగ, పాప్‌కార్న్, గుండ్రటి ద్రాక్ష వంటివి ఊపిరిగొట్టానికి అడ్డం పడితే క్షణాల్లో ప్రాణం మీదికొస్తుంది. ఈ భయంతోనే చాలామంది అన్నీ మిక్సీ పట్టేస్తారు. అది ఇంకో అతి. ఇంగ్లండ్‌లోని ఏవన్ ప్రాంతంలో వేలమంది పిల్లలను పుట్టినప్పటినుంచీ గమనించినప్పుడు, తొమ్మిది పది నెలలు దాటేదాకా పలుకు తగలని తిండే తిన్నవాళ్ళకు తర్వాత తిండి దగ్గర చిక్కులు ఎక్కువగా కనిపించాయి. ఏడేళ్ళ వయసులో కూడా. నమలడం నాలుకకూ దవడకూ నేర్పాల్సిన విద్య. అన్నాన్ని చేత్తో మెదిపితే చాలు, అక్కడక్కడ పలుకు ఉండనివ్వాలి. ఓకరిస్తే కంగారు పడక్కర్లేదు. పసిపిల్లలకు ఓకరింత తేలిగ్గా వస్తుంది, అది కాపలా పనే. చప్పుడు చేస్తూ ఓకరించే బిడ్డ క్షేమంగానే ఉంది. ఊపిరాడక చప్పుడే లేకపోతే అప్పుడు క్షణం కూడా ఆలస్యం చేయకూడదు.

ఇంతవరకు చెప్పినదంతా కడుపు నిండిన దేశాల పరిశోధనే ఎక్కువ. మన దగ్గర కథ అక్కడితో ఆగదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఆరు నుంచి 23 నెలల పిల్లల్లో వయసుకు తగిన తిండి అందుతున్నది నూటికి 11 మందికే. ఐదేళ్ళలోపు పిల్లల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం, తెలంగాణలో 70 శాతం. రక్తహీనత ఉన్న బిడ్డకు ఆకలి మందగిస్తుంది, తినదు కాబట్టి రక్తం ఇంకా తగ్గుతుంది. ఈ చక్రాన్ని తిప్పేది చాలా ఇళ్ళలో ఆ పాల సీసానే. ఆవుపాలలో, గేదెపాలలో ఇనుము దాదాపు లేనట్టే. పైగా ఇతర తిండిలోని ఇనుమును కూడా సరిగా ఒంటికి పట్టనివ్వవు. రోజుకు అర లీటరు దాటకుండా, సీసా మానిపించి గ్లాసుతో, అన్నం తర్వాత ఇస్తే చాలా ఇళ్ళలో సగం గొడవ వారంలో సర్దుకుంటుంది. తల్లిపాలు మాత్రం రెండేళ్ళదాకా ఇవ్వవచ్చు. గుడ్డు, మేక కార్జం, మెత్తగా ఉడికించిన మాంసం, నిమ్మరసం పిండిన ఆకుకూర పప్పు ఇనుముకు దారులు. ఆరు నెలలు దాటిన పిల్లలకు వారానికి రెండుసార్లు ఒక మిల్లీలీటరు ఇనుము సిరప్ ప్రభుత్వమే ఇస్తుంది, ఆశా కార్యకర్తను అడగవచ్చు. మందుల షాపులో ‘ఆకలి మందు’ పేరుతో దొరికే సైప్రోహెప్టాడిన్ అసలు ఎలర్జీ మందు, మత్తు తెస్తుంది. రెండేళ్ళలోపు పిల్లలకు అది సురక్షితమని తేలలేదు.

వదిలేయడానికీ బలవంతం చేయడానికీ మధ్య దారి ఒకటి ఉందని మన నల్గొండ పల్లెల్లోనే రుజువైంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన శహనాజ్ వజీర్ బృందం అక్కడ 60 గ్రామాల్లో 600 మంది తల్లులను, బిడ్డలను మూడు నెలల వయసు నుంచి 15 నెలలు నిండేదాకా గమనించింది. ఒక గుంపుకు మామూలు అంగన్‌వాడీ సేవలు. రెండో గుంపుకు ఏం పెట్టాలో ఇంటికి వచ్చి చెప్పారు. మూడో గుంపుకు దానితో పాటు ఎలా పెట్టాలో కూడా: బిడ్డ సైగలు చూడటం, మాట్లాడుతూ తినిపించడం, తన చేత్తో తినబోతే తిననివ్వడం, ఆడించడం. చెప్పింది పెద్ద డిగ్రీలున్నవాళ్ళేం కాదు, శిక్షణ పొందిన ఊరి ఆడవాళ్ళే. 2013లో అచ్చయిన ఫలితాల ప్రకారం సలహాలు అందిన రెండు గుంపుల్లోనూ పిల్లలు తినే పోషకాలు పెరిగాయి. చిత్రంగా పొడవులో తేడా రెండో గుంపులోనే కనిపించింది. బుద్ధి వికాస పరీక్షల్లో ముందున్నది మూడో గుంపు. తినిపించే సమయం ఆకలి తీర్చడానికే కాదు, మాటలు నేర్వడానికి కూడా పనికొస్తుందని దీన్నిబట్టి నేననుకుంటాను.

ఇవన్నీ తినగలిగే బిడ్డ సంగతి. బరువు గీత కిందికి జారుతూ ఒక గీత దాటి మరో గీత కిందికి పోతుంటే, తింటున్నప్పుడల్లా దగ్గు వస్తుంటే, పొలమారుతుంటే, తరచూ వాంతులవుతుంటే, నోట్లో పలుకు తగలగానే ప్రతిసారీ ఏడుస్తుంటే, తినే వస్తువులు రోజురోజుకూ తగ్గి నాలుగైదుకు చేరితే, లేదా పిలిస్తే పలకడం, కళ్ళలోకి చూడటం కూడా తక్కువగా ఉంటే, దిష్టి తీసి ఊరుకోకుండా డాక్టరుకు చూపించాలి.

జలుబు, జ్వరం వచ్చినప్పుడు ఏ బిడ్డా తినదు. పళ్ళు వస్తున్నప్పుడూ అంతే. అప్పుడు నీళ్ళు, తల్లిపాలు, పల్చటి జావ గొంతు దిగితే చాలు. తగ్గాక చూడండి, నెలరోజులుగా నాలుగు ముద్దలకు మించి మింగని ఆ పిల్లే గిన్నె ఖాళీ చేసి అమ్మ కంచంలోకి చెయ్యి పెడుతుంది. ఒక వారం పది రోజులు అలా తిని, పోయిన బరువు తెచ్చుకుని, మళ్ళీ నాలుగు ముద్దల దగ్గరికి వచ్చేస్తుంది. ఆ వారంలో మాత్రం రోజుకు ఒక పూట ఎక్కువ పెట్టండి. అడిగినప్పుడల్లా పెట్టండి.